ఉత్తుత్తి పేపరు.. గట్టి పాట

విమర్శకుల మీద చిర్రెత్తిన ఓ పాటగాడు వాళ్లని ఆటపట్టించాలనుకున్నాడు. లేని ఊరిని, లేని పత్రికను, లేని బాలకవిని పుట్టించాడు. ఆ కవి పేరు పెట్టి దాదాపు 44 నిమిషాల పాట కట్టాడు. వేళాకోళంగా మొదలైన ఆ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ యాభై ఏళ్లు దాటినా ప్రోగ్రెసివ్ రాక్‌లో మేటి ఆల్బమ్‌గానే నిలిచింది. ఎగతాళి కోసం చేసిన పని ఇంత గట్టిగా ఎలా కుదిరింది?

సెయింట్ క్లీవ్ అనే చిన్న ఊరు. అక్కడ సాహిత్యాన్ని ఉద్ధరించడానికి ఓ సంఘం. ఆ సంఘం పెట్టిన పోటీలో ఎనిమిదేళ్ల జెరాల్డ్ బోస్టాక్ రాసిన కావ్యానికి మొదటి బహుమతి వచ్చింది. ‘బుల్లి మిల్టన్’ అంటూ అందరూ మురిసిపోయారు. అంతలో వాడు బీబీసీ టీవీలో తన కవిత చదివాడు. వాడి నోట ఓ పాడుమాట దొర్లింది. ఇంకేముంది! ఫిర్యాదులు, బెదిరింపులు వెల్లువెత్తాయి. నిర్వాహకులు మానసిక వైద్యులను సంప్రదించారు. బతుకు మీద, దేవుడి మీద, దేశం మీద ఈ కుర్రాడి ధోరణి ఏమాత్రం ఆరోగ్యకరంగా లేదని వాళ్లు తేల్చారు. బహుమతి వెనక్కి తీసుకుని, క్రైస్తవ నీతి గురించి బుద్ధిగా వ్యాసం రాసిన పన్నెండేళ్ల అమ్మాయికి ఇచ్చేశారు.

‘సెయింట్ క్లీవ్ క్రానికల్’ పత్రిక 1972 జనవరి 7 సంచికలో పతాక వార్త ఇది. పక్కనే ఫొటో కూడా ఉంది.

ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఆ ఊరు లేదు, సంఘం లేదు, జెరాల్డూ లేడు. పేపరు మాత్రం ఉంది. నిజంగానే అచ్చయింది, అట్లాంటిక్‌కు ఇటూ అటూ జనం కొనుక్కుని ఇళ్లకు తీసుకెళ్లారు. ఎందుకంటే అది ఓ ఎల్‌పీ రికార్డుకు అట్ట. ఆ అట్ట మీది వార్తలో గొడవకు కారణమైన కావ్యమే లోపలి రికార్డులోని పాట.

ఒక్క మాట రేపిన పంతం

అంతకు ఏడాది ముందు, 1971లో, బ్రిటిష్ రాక్ బృందం జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ అనే ఆల్బమ్ తెచ్చింది. ఒక వైపు పాటల్లో వీధిన పడ్డ ముసలివాడి లాంటి మనుషులు, రెండో వైపు పాటల్లో దేవుడికీ మతసంస్థలకూ మధ్య ఉన్న దూరం మీద ప్రశ్నలు. రికార్డు బాగా అమ్ముడైంది. విమర్శకులు దానికి ‘కాన్సెప్ట్ ఆల్బమ్’ అని ముద్ర వేశారు. అంటే పాటలన్నిటినీ ఒకే ఇతివృత్తం మీద అల్లారని. బృందానికి గాయకుడూ పాటల రచయితా అయిన ఇయాన్ అండర్సన్‌కు అది మింగుడు పడలేదు. దేనికది రాసుకున్న పాటలు, రెండు మూడింటికి పోలిక కుదిరింది, అంతకు మించి ఏమీ లేదన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. సరే, అంత ముచ్చటగా ఉంటే కాన్సెప్ట్ ఆల్బమే ఇద్దాం, అదీ అలాంటివాటన్నిటికీ తాతలాంటిది ఇద్దాం అనుకున్నాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

ఎగతాళి చేయడానికి సరుకు కూడా దండిగానే ఉంది. 1960ల చివరికి బ్రిటన్ రాక్ సంగీతకారులకు మూడు నిమిషాల ప్రేమపాట ఇరుకైపోయింది. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌లో తాము వేరే బ్యాండన్నట్టు వేషం కట్టి పాడారు. 1969లో ‘ద హూ’ బృందం చూపూ వినికిడీ మాటా పోయిన కుర్రాడి కథను ‘టామీ’ పేరుతో రెండు రికార్డుల నిడివిలో చెప్పింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదం అన్నీ కలిపి రాక్‌ను పెద్ద కచేరీ స్థాయికి తీసుకెళ్లాలన్న ఈ ధోరణికే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. ముద్దుగా ప్రోగ్. ఆశయం గొప్పదే. ఆశయంతో పాటు బడాయీ పెరిగింది. 1971లో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బృందం యుద్ధట్యాంకు చక్రాలున్న ఆర్మడిల్లో అనే జంతువు మీద పాటతో రికార్డులో ఒక వైపంతా నింపేసింది. 1973లో ‘యస్’ బృందం పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో కనిపించిన ఒక్క అధోజ్ఞాపికను పట్టుకుని రెండు రికార్డుల నాలుగు వైపులకూ నాలుగే పాటలు కట్టింది. ఇలాంటి కాలంలో ఎనిమిదేళ్ల కుర్రాడు రాసిన మహాకావ్యానికి మేం బాణీ కట్టాం అని ఎవరైనా చెబితే, అది హాస్యమో నిజమో పోల్చుకోవడం కష్టమే. అమెరికాలో చాలామంది జెరాల్డ్ ఉన్నాడనే నమ్మారు.

పొద్దున రాత, తర్వాత సాధన

ఈ ఆల్బమ్ ఎలా తయారైందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ముందు పెద్ద ప్రణాళికేమీ లేదు. లండన్ బెర్మండ్సీలో రోలింగ్ స్టోన్స్ వాళ్లకు సాధన కోసం ఓ నేలమాళిగ ఉండేది. దాన్ని వాడుకున్నారు. అండర్సన్ పొద్దున్నే లేచి ఆ రోజుకు సరిపడా రాసుకునేవాడు. తర్వాత బృందానికి వినిపించేవాడు. వాళ్లు దాన్ని పట్టుకుని, నిన్నటిదాకా వచ్చినదానికి అతికించి, మొదటి నుంచి మళ్లీ వాయించేవారు. మర్నాడు ఇంకో ముక్క. అచ్చం మన వారపత్రిక సీరియల్ రచయితలు ఈ వారం సంగతి ఈ వారం చూసుకున్నట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ వెనకటి భాగమంతా రోజూ కంఠతా అప్పజెప్పాలి. అలా కట్టిన పాటను 1971 డిసెంబరులో లండన్‌లోనే మోర్గన్ స్టూడియోలో రికార్డు చేశారు. ఇంజినీర్ రాబిన్ బ్లాక్. 1972 మార్చిలో రికార్డు బ్రిటన్ దుకాణాల్లోకి వచ్చింది.

ఇంత వేగంగా కుదరడానికి ఒక కారణం స్నేహం. గిటారిస్టు మార్టిన్ బార్ మినహా అందరూ బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణంలో కుర్రతనం నుంచీ కలిసి వాయించినవాళ్లే. కీబోర్డుల మీద జాన్ ఇవాన్, బేస్ గిటార్ మీద జెఫ్రీ హామండ్, కొత్తగా డ్రమ్స్ దగ్గర కూర్చున్న బారీమోర్ బార్లో. ఒకరి వెటకారం ఒకరికి తెలుసు. హామండ్ అమ్మానాన్నలిద్దరి ఇంటిపేరూ హామండే కావడంతో అతని పేరును ఆల్బమ్ మీద ‘హామండ్-హామండ్’ అని వేసేవారు. అలాంటి జట్టు అది. తంత్రీవాద్యాల బృందానికి స్వరాలు కూర్చింది డేవిడ్ పామర్. ఈమే తర్వాతి కాలంలో డీ పామర్‌గా మారారు.

అండర్సన్ చేతిలోని వేణువుకూ ఓ కథ ఉంది. 1967లో తన ఎలక్ట్రిక్ గిటార్‌ను మారుబేరం ఇచ్చి ఫ్లూట్ పుచ్చుకున్నాడు. గిటార్‌లో ఎరిక్ క్లాప్టన్ లాంటివాళ్లను అందుకోవడం తన వల్ల కాదనిపించిందట. గురువు లేడు. పుస్తకమూ పెద్దగా చూడలేదు. జాజ్ కళాకారుడు రోలండ్ కర్క్ పద్ధతిలో ఊదుతూనే గొంతులో కూనిరాగం తీయడం, గుర్రుమనడం, మధ్యలో ఊపిరి బుస కొట్టించడం అలవాటు చేసుకున్నాడు. వేళ్లు పెట్టే పద్ధతిలో తప్పులున్నాయని చాలా ఏళ్ల తర్వాత, కూతురు బడిలో ఫ్లూట్ నేర్చుకుంటున్నప్పుడు తెలిసి, మళ్లీ మొదటి నుంచి దిద్దుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదే అతని భంగిమ రాక్ అభిమానులకు సుపరిచితం. మన కళ్లకైతే చటుక్కున వేణుగోపాలుడే గుర్తొస్తాడు. కాకపోతే ఈ గోపాలుడికి చిందరవందర జుట్టు, పిచ్చిచూపు.

రెండు వైపులు, ఒకే పాట

రికార్డు మొత్తానికీ ఒకటే పాట. ఎల్‌పీకి వైపుకు ఇరవై చిల్లర నిమిషాలే పడతాయి కాబట్టి మధ్యలో తిప్పి వేయక తప్పదు. మొదటి వైపు చివర ఒకే వాద్యపు పలుకు పదే పదే మోగుతూ సన్నగిల్లిపోతుంది. రెండో వైపు గాలి హోరుతో అందుకుంటుంది.

మొదలవడం మాత్రం ఎంతో తేలికగా మొదలవుతుంది. మామూలు చెక్క గిటార్ మీద చిన్న మెలిక. వేణువు రెండు మూడు స్వరాలతో పలకరిస్తుంది. గొంతు నింపాదిగా వస్తుంది. రండి, వినండి అని పిలవకపోగా, మీకు ఓపిక లేకపోయినా నాకేం ఫర్వాలేదన్న తీరుగా ఉంటుంది ఆ పలకరింపు. పాదానికీ పాదానికీ మధ్య ఖాళీలో వేణువు దూరి జవాబు చెబుతుంది. తర్వాత పియానో వచ్చి చేరుతుంది. రేడియోల్లో ఎక్కువగా వినిపించింది ఈ మొదటి మూడు నిమిషాలే. 1976లో వచ్చిన వారి మేలిమి పాటల సంకలనంలోకి కూడా ఈ ముక్కే ఎక్కింది. దీన్ని మాత్రమే విన్నవాళ్లు ఇదో చక్కటి జానపద బాణీ అనుకుంటారు.

మూడు నిమిషాలయ్యేసరికి నేల కదులుతుంది. బేస్, డ్రమ్స్, హామండ్ ఆర్గన్ ఒక్కసారిగా దిగుతాయి. నడక కవాతులా బిగుసుకుంటుంది. కొడుకు పుట్టాడన్న కబురు. మామూలుగా పండగ చేసుకోవాల్సిన కబురు. ఇక్కడ మాత్రం సైన్యంలో కొత్తవాణ్ని చేర్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. వాణ్ని ఎలా పెంచాలో, ఏం నేర్పాలో, ఎలా పోరాడించాలో పెద్దవాళ్లు అప్పుడే నిర్ణయించేస్తుంటారు. ఈ బాణీని గుర్తు పెట్టుకోండి. రికార్డు తిప్పి వేసి, గాలి హోరు దాటగానే మళ్లీ ఇదే తగులుతుంది. ఈసారి పుట్టేది కొడుకు కాదు, మగవాడు. అప్పుడు అన్యాయంగా తోచిన ఆజ్ఞలన్నీ ఇప్పుడు వాడి నోటి నుంచే వచ్చేలా ఉన్నాయి. మాటల్లో మార్పు కొంచెమే. బాణీ అదే కావడంతో ఆ కొంచెమే గట్టిగా గుచ్చుకుంటుంది. ఆల్బమ్ మొత్తంలో సంగీతం కథ చెప్పే పని ఇంత సూటిగా చేసిన చోటు మరొకటి లేదు.

మధ్యలో కవి, చిత్రకారుడు, సైనికుడు వస్తారు. తండ్రి పోయాక ఆయన స్థానంలో కూర్చోవాలనుకునే కొడుకు వస్తాడు. పైతరగతివాళ్లు, న్యాయమూర్తులు, తెలివైనవాళ్లని పేరు పడ్డవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి పోతారు. మొదటి వైపు చివర్లో చిన్ననాటి కామిక్ వీరులను పేరుపేరునా పిలుస్తారు. సూపర్‌మ్యాన్, రాబిన్, బ్రిటిష్ పిల్లలకు ప్రాణమైన విమాన పైలట్ బిగిల్స్. పెద్దవాళ్లు నేర్పినదంతా పనికి రాకుండా పోయినప్పుడు వాళ్లయినా వచ్చి ఆదుకోవాలి కదా! కథ అని వరసగా చెప్పగలిగింది ఇందులో లేదు. పిల్లవాణ్ని పట్టుకుని సమాజం మనిషిగా చేయడం, ఆ చేయడంలో వాడిలోంచి ఏదో జారిపోవడం, ఇదే దారం. కర్రదెబ్బలకు ఒప్పుకోనందుకు బడి వదిలిపెట్టాల్సి వచ్చిందని చెప్పుకున్న మనిషి రాసిన మాటలివి. అందుకే హాస్యం అడుగున కోపం నిజంగానే ఉంది.

సంగీతం ఎన్ని మలుపులు తిరిగినా తప్పిపోయామనిపించదు. రాగమాలికలో రాగాలెన్ని మారినా పల్లవి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఇక్కడ ఆ పని మొట్టమొదటి గిటార్ మెలిక చేస్తుంది. తాళాలు మారతాయి, లయ హెచ్చుతుంది, తగ్గుతుంది. హార్ప్సికార్డ్, వయొలిన్, ట్రంపెట్, శాక్సఫోన్, ల్యూట్, టింపనీ ఒక్కోటి తొంగి చూసి పోతాయి. వీటిలో కొన్నిటిని అండర్సన్ అంతంత మాత్రం నేర్చుకునే వాయించాడు. చివరికి అన్నీ సద్దుమణిగి, తంత్రీవాద్యాలు ఒక్కసారి ఎగసి, మళ్లీ ఆ తొలి గిటార్ దగ్గరికే చేరతాం. మొదట ధీమాగా వినిపించిన అదే మాట ఈసారి అలసటగా వినిపిస్తుంది.

వంకలు లేవా? ఉన్నాయి. రెండో వైపు మొదట్లో డ్రమ్స్ ఒంటరి విన్యాసం, ఆ వెంట చెల్లాచెదురు శబ్దాలు, ముక్కలు ముక్కలుగా మాటలు. ప్రయోగం అనిపించుకోవడానికే పెట్టినట్టుంటాయి. వెక్కిరింపేనని సర్దిచెప్పుకోవచ్చు కానీ, విసుగును వెక్కిరించడానికి విసిగించడం మంచి పద్ధతి కాదు. మాటలు కూడా కొన్నిచోట్ల మరీ చిక్కుముడి. అర్థం ఉందనుకుని తవ్వేవాళ్లను చూసి రచయిత నవ్వుకుంటున్నాడేమో అన్న అనుమానం వినేవాణ్ని వదలదు.

డెస్కు మీద పుట్టిన అట్ట

పాటకు పట్టిన సమయం కంటే అట్టకు పట్టిన సమయమే ఎక్కువని అండర్సన్ చాలాసార్లు చెప్పాడు. ఆ పేపరు తిరగేస్తే నమ్మబుద్ధవుతుంది. పన్నెండు పేజీలు. అండర్సన్, హామండ్, ఇవాన్ కలిసి వార్తలు రాశారు. వాళ్ల రికార్డు కంపెనీ క్రిసాలిస్‌లో పనిచేసే రాయ్ ఎల్డ్రిడ్జ్‌కు అంతకు ముందు విలేకరిగా అనుభవం ఉంది. పేపరు పేపరులా కనిపించే బాధ్యత ఆయన మీద పడింది. ఫొటోల్లో కనిపించేది బృంద సభ్యులు, కంపెనీ ఉద్యోగులు, తెలిసినవాళ్లు.

పత్రికల్లో పనిచేసినవాళ్లకు ఈ పేపరు చూస్తే నవ్వాగదు. ఎందుకంటే ఎక్కడా అతి లేదు. జిల్లా పేజీల్లో రోజూ కనిపించే ఆ గంభీరమైన భాషలోనే పనికిమాలిన వార్తలుంటాయి. ఓ మేజిస్ట్రేటు తనకు తానే జరిమానా వేసుకుంటాడు. ఊరకుక్క ఓ నటుడి కాలు పాడు చేస్తుంది. ఆటల పేజీ, పదవినోదం, రాశిఫలాలు, చిన్న ప్రకటనలు, పిల్లల కోసం చుక్కలు కలిపే బొమ్మ, దేనికీ లోటు లేదు. పతాక వార్త పక్కనే జెరాల్డ్ మీద పద్నాలుగేళ్ల అమ్మాయి చేసిన ఆరోపణ ఒకటి. ఎనిమిదేళ్ల వాడి మీద! బాలమేధావిని ఆకాశానికెత్తి, మర్నాడే వాడి పరువు తీసే పత్రికల వరస మొత్తం ఆ ఒక్క పేజీలో దొరికిపోతుంది.

లోపలి పేజీల్లో జెరాల్డ్ కావ్యం పూర్తి పాఠం అచ్చయి ఉంటుంది. అదే పాట సాహిత్యం. ఇంకో చోట ఈ ఆల్బమ్ మీదే సమీక్ష ఉంటుంది. రాసినవారు జూలియన్ స్టోన్-మేసన్, బీఏ. పేరు పక్కన డిగ్రీ చూస్తేనే మనిషి ఎవరో అర్థమవుతుంది. ఆ ముసుగు వెనక ఉన్నది అండర్సనే. విమర్శకులు అనబోయే మాటలన్నీ వాళ్ల కంటే ముందే, వాళ్ల భాషలోనే అనేశాడన్నమాట. రికార్డు కొన్నవాడికి దానితోపాటే సమీక్ష కూడా చేతికొచ్చింది.

గొర్రు పేరున్న బ్యాండ్

అసలు జెత్రో టల్ ఎవరు? పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో ఉన్న వ్యవసాయ నిపుణుడు. చేత్తో వెదజల్లే బదులు విత్తనాలను వరసల్లో నాటే యంత్రాన్ని 1701 ప్రాంతంలో తయారు చేసినవాడిగా అక్కడి పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటుంది. బ్యాండు మాటేమిటంటే, తొలి రోజుల్లో వీళ్ల వాయింపు నచ్చక క్లబ్బులు రెండోసారి పిలిచేవి కావు. మళ్లీ అవకాశం రావాలంటే కొత్త పేరు పెట్టుకుని వెళ్లాలి. అలా మార్చిన పేర్లలో ఇదొకటి. చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఏజెన్సీ ఉద్యోగి ఒకరు సూచించారు. ఆ పేరుతో వాయించినప్పుడు లండన్‌లోని మార్కీ క్లబ్ మళ్లీ రమ్మంది. దాంతో అదే స్థిరపడిపోయింది. మొదటి సింగిల్ రికార్డు మీద దాన్ని కూడా తప్పుగా ‘జెత్రో టో’ అని అచ్చేశారు.

వరసల్లో విత్తడం మన రైతుకు కొత్త కాదు. జడ్డిగంలో గింజలు పోస్తూ గొర్రు తోలడం మెట్ట పొలాల్లో తరతరాలుగా ఉన్నదే. 1795లో కెప్టెన్ థామస్ హాల్కట్ అనే ఆంగ్లేయ అధికారి దక్షిణ భారతంలోని ఈ గొర్రు సేద్యం గురించి రాశాడు. పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ విజ్ఞానం మీద ధరంపాల్ 1971లో తెచ్చిన సంకలనంలో ఆ రచన ఉంది.

పాట మధ్యలో ఫోన్

ఈ వేళాకోళం రికార్డుతో ఆగలేదు. 1972 కచేరీల్లో ఆల్బమ్ మొత్తాన్నీ ఏకబిగిన వాయించేవారు. సాగదీతలు కలిపి గంట దాటేది. తెర లేచేసరికి వేదిక మీద కొందరు మనుషులు నేల ఊడుస్తూ, ప్రేక్షకులను లెక్కపెడుతూ తిరుగుతుండేవారు. కాసేపటికి వాళ్లలోనే కొందరు వేషం తీసేసి వాద్యాలు పట్టుకునేవారు. బ్యాండు వాళ్లే! కీలకమైన చోట వేదిక మీద టెలిఫోన్ మోగేది. వాయింపు ఠక్కున ఆగేది. అండర్సన్ వెళ్లి ఫోన్ ఎత్తి మాట్లాడి, తిరిగొచ్చి ఆపిన చోటు నుంచే అందుకునేవాడు. మధ్యలో వార్తలు, వాతావరణ సూచన చదివేవారు. నీళ్లలో ఈదేవాడి వేషంలో ఓ మనిషి వచ్చి పోయేవాడు. బ్రిటన్‌లో అప్పటికి టీవీలో మాంటీ పైథాన్ బృందం తల తోక లేని హాస్యంతో ఊపేస్తోంది. ఆ గాలి ఇక్కడా వీచింది. జపాన్ వెళ్లినప్పుడు మాత్రం ప్రేక్షకులు నవ్వాలో వద్దో తెలియక బిక్కచచ్చి కూర్చున్నారు.

ఎంత కోతివేషాలు వేసినా ఫోన్ మోగిన చోట అయిదుగురూ ఒక్క క్షణంలో ఆగాలి, ఒక్క క్షణంలో అందుకోవాలి. కాగితం లేదు, దారి చూపే సంచాలకుడు లేడు. ఆ నవ్వు వెనక ఎంత సాధన ఉందో అక్కడే తెలిసిపోతుంది.

వెక్కిరించాలన్నా విద్య ఉండాలి

అమెరికాలో ఆల్బమ్ నంబర్ వన్ అయింది. బ్రిటన్‌లో అయిదో స్థానం దాకా వెళ్లింది. విమర్శకుల్లో కొందరు మెచ్చారు, కొందరు నొసలు చిట్లించారు. కాన్సెప్ట్ ఆల్బమ్‌లను వెక్కిరించడానికి చేసిన ఈ రికార్డును, ఇప్పుడు ఎవరు మంచి కాన్సెప్ట్ ఆల్బమ్‌ల జాబితా వేసినా మర్చిపోరు. అండర్సన్ బాణం తిరిగి అతనికే తగిలిందా?

తెలుగువాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి మనకు పేరడీ శాస్త్రి. భావకవులను, శ్రీశ్రీని అనుకరించి ఆయన కట్టిన పేరడీలు జనం నోళ్లలో ఎందుకు నిలిచాయి? అసలు కవి నడక, ఊపిరి, బలహీనత అన్నీ తెలిసిన చెయ్యి కాబట్టి. ఛందస్సు రానివాడు ఛందస్సును వెక్కిరిస్తే అది తిట్టవుతుంది, పేరడీ కాదు. వెక్కిరించబోయేదాన్ని దానికంటే బాగా చేసి చూపగలిగినప్పుడే పేరడీకి బలం వస్తుంది. అంత బాగా చేశాక అది పేరడీగా మాత్రమే మిగలదు. సొంత కాళ్ల మీద నిలబడుతుంది. ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’కు జరిగింది అదే. అట్ట మీది జోకు తెలియనివాడికి కూడా, కొడుకు పుట్టిన బాణీ మగవాడి దగ్గర మళ్లీ వినిపించినప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది.

హాస్యం ఇంకో మేలు కూడా చేసింది. ఆ తరం ప్రోగ్ రికార్డుల్లో చాలావాటికి ఇవాళ వయసు తెలిసిపోతుంది. మాది మహత్తర సృష్టి అన్న ధీమా ముందు ముసలిదవుతుంది. ఈ ఆల్బమ్ తన బడాయిని తానే ముందు ఒప్పుకుని నవ్వింది కాబట్టి మనం నవ్వడానికి ఏమీ మిగల్చలేదు. సంగీతాన్ని సంగీతంగా వినే వీలు కల్పించింది. దీనికి సాక్ష్యం ఆ మరుసటి ఏడాదే దొరుకుతుంది. 1973లో అదే బృందం ‘ఎ ప్యాషన్ ప్లే’ అనే మరో ఏకపాట ఆల్బమ్ తెచ్చింది. చనిపోయినవాడి ఆత్మ చేసే ప్రయాణం. ఈసారి నిజంగానే గంభీరం. అమెరికాలో అదీ నంబర్ వన్ అయింది. విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. వాయింపులో లోపం లేదు. తమను తాము చూసి నవ్వుకునే ఆ సులువు పోయింది, అంతే.

జెరాల్డ్ పెద్దవాడయ్యాడు

నలభై ఏళ్ల తర్వాత అండర్సన్ ఆ కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్లాడు. 2012లో వచ్చిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్ 2’లో ప్రశ్న ఒకటే: జెరాల్డ్ బతికుంటే ఏమై ఉండేవాడు? జవాబులు ఒకటి కాదు. బ్యాంకరై ఉండొచ్చు, వీధిన పడి ఉండొచ్చు, సైనికుడై ఉండొచ్చు, మతబోధకుడై ఉండొచ్చు, ఏమీ కాకుండా చిన్న కొట్టు పెట్టుకుని ఉండొచ్చు. ఒక్కో దారికీ కొన్ని పాటలు. అట్ట మీద ఈసారి పేపరు లేదు, సెయింట్ క్లీవ్ ఊరి వెబ్‌సైటు ఉంది. జిల్లా పేపర్ల కాలం పోయిందన్న సంగతిని కూడా వదల్లేదు. పాత ఆల్బమ్‌ను, కొత్తదాన్ని వరసగా వాయిస్తూ ప్రపంచమంతా తిరిగాడు. 2014లో వచ్చిన ‘హోమో ఎర్రాటికస్’కూ కవిగా జెరాల్డ్ పేరే వేశాడు. లేని మనిషికి ఇంత సుదీర్ఘ సాహిత్య జీవితం దక్కడం అరుదు.

మన దేశంతోనూ అండర్సన్‌కు పరిచయం ఉంది. వెదురు వేణువును కూడా వాడి ‘డివినిటీస్’ అనే వాద్యసంగీత ఆల్బమ్‌ను 1995లో చేశాడు. 2008లో సితార్ కళాకారిణి అనౌష్కా శంకర్‌తో కలిసి ఇక్కడ కచేరీలు చేశాడు.

తొలిసారి వినేవారికి

ఆన్‌లైన్‌లో వింటున్నా సరే, మధ్యలో ఆపకుండా ఒక వైపు మొత్తం వినండి. కావాలంటే రెండో వైపును మర్నాటికి వాయిదా వేయండి. ఎల్‌పీ కాలంలోనూ తిప్పి వేయడానికి లేవాల్సిందే కదా.

మొదటిసారి మాటల జోలికి పోవద్దు. తొలి గిటార్ మెలిక, మూడో నిమిషంలో దిగే కవాతు బాణీ, ఈ రెండూ చెవికి అలవాటైతే చాలు. అవి తిరిగొచ్చిన ప్రతిసారీ ఏం మారిందో గమనించండి. రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినండి.

2012లో స్టీవెన్ విల్సన్ పాత టేపుల నుంచి చేసిన రీమిక్స్ దొరికితే అదే ఎంచుకోండి. బేస్, ఆర్గన్ విడివిడిగా తెలుస్తాయి. నలభై ఏళ్ల సందర్భంగా వచ్చిన ఆ ప్రత్యేక సంచికలో పేపరు కూడా పూర్తిగా ఉంటుంది. సీడీ అట్టలో కుదించిన అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

నచ్చితే వెనక్కి ‘ఆక్వాలంగ్’కు వెళ్లండి, గొడవంతా దేనికో మీరే తేల్చుకోవచ్చు. ‘ఎ ప్యాషన్ ప్లే’ను మాత్రం ఆఖరుకు ఉంచుకోండి. నడుమ వచ్చే కుందేలు కథ తప్ప అందులో నవ్వు తక్కువ, చిక్కులు ఎక్కువ.